బుజ్జికి పెద్దమ్మ దారాల ఉత్తరం

చిరంజీవి బుజ్జికి నరసాపురం నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు పసిపిల్లలకి టోపీలు, సాక్సులు, స్వెట్టర్లు అల్లి అమ్ముతానంటున్నావని చెప్పింది. మీ అమ్మమ్మ చేతి సూది నీ దాకా వచ్చిందనుకుంటే కళ్ళు చెమర్చాయి. అంతలోనే, "అక్కా, అప్పుడే ఐదు కిలోల దారం తెప్పించేసింది, ఆఫర్లో వచ్చిందట" అంది. ఇక రాత్రంతా నిద్ర లేదు నాకు. ఒక్క ఉండ తెప్పించి చూసుకుందామని తోచలేదా నీకు?

సూది సైజు ఉండ చీటీ మీదే ఉంటుంది. ఒక వస్తువుకి పట్టే దారమంతా ఒకే లాట్ నంబరుది, అంటే ఒకేసారి రంగు వేసినది కొను, లేకపోతే రంగులో తేడా తెలిసిపోతుంది. ఈ రెండూ నీకు తెలిసినవే. నీకు తెలియనిది ఒకటుంది.

నా కుడిచేతి వేళ్ళ మీద మచ్చ చూసి చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగావో. అట్లకాడ కాలిందని చెప్పేదాన్ని. అది నిజం కాదు.

మీ అన్నయ్య పుట్టినప్పుడు మీ అమ్మ పురిటికి పుట్టింట్లోనే ఉంది. మార్గశిర మాసం, తెల్లవారుజామున మంచు. లేసు కూలి డబ్బులు నాలుగు నెలలు దాచి, చెల్లెలి మొదటి బిడ్డకి శాలువా అల్లాలని టౌనుకి వెళ్ళి ఊలు కొన్నాను. లేత పసుపు రంగు. చెంపకి ఆనించుకుంటే వెన్నలా ఉంది. "అసలైన ఉన్నండీ" అన్నాడు కొట్టతను. నమ్మాను. పన్నెండేళ్ళ వయసు నుంచి దారంతోనే బతుకుతున్నదాన్ని, ఒక్క పోగు తీసి పరీక్ష చేద్దామని అనుకోలేదు. మెత్తగా ఉంటే మంచిదే అనుకున్నాను. పైగా అందం కోసం అంచుకి పొడుగాటి కుచ్చులు కట్టాను.

పదకొండో రోజు పొద్దున్న మా అమ్మ పిల్లాడికి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేయడానికి కుంపటి తెచ్చింది. పిల్లాడిని నా శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎంత మురిసిపోయానో, కుచ్చు ఒకటి జారి నిప్పుల్లో పడింది చూసుకోలేదు. నూలు గుడ్డ కూడా అంటుకుంటుంది, కానీ కరిగి ఒంటికి అతుక్కోదు. ఇది మంట ఎక్కుతూ మైనంలా కరిగి చుక్కలు చుక్కలుగా కారింది. పిల్లాడిని అమ్మ లాక్కుంది. వాడికేమీ కాలేదు, ఆ దేవుడి దయ. శాలువాని నేను చేత్తో నలిపి ఆర్పబోయాను. కరిగినది వేళ్ళకి అతుక్కుపోయింది, తీస్తే చర్మంతో సహా వచ్చింది. కొట్టతను ఉన్ని అని అమ్మింది అక్రిలిక్, ప్లాస్టిక్ లాంటి కృత్రిమ దారం. రెండు నెలలు సూది పట్టలేకపోయాను. చేతిలో ఉన్న లేసు పని వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. దానికి బాధ లేదు. వాడి కాలు ఆ కుచ్చు పక్కనే ఉందన్న సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారిపోతుంది.

అందుకే చెప్తున్నాను బుజ్జీ, ఏ దారమైనా అల్లే ముందు కాల్చి చూడు. ఇంట్లో కాదు, పెరట్లో. పక్కన బకెట్ నీళ్ళు, కింద స్టీలు పళ్ళెం పెట్టుకో. జానెడు పోగుని పట్టుకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించు. నూలైతే గబుక్కున అంటుకుని, కాగితం కాలిన వాసన వేసి, మెత్తటి బూడిద అవుతుంది. ఉన్ని నెమ్మదిగా కాలుతుంది, వెంట్రుక కాలిన కంపు కొడుతుంది, మంట తీసేస్తే చాలావరకు దానంతటదే ఆరిపోతుంది. మిగిలిన నల్లటి పూస నలిపితే పొడి అవుతుంది. అక్రిలిక్ కరుగుతూ మండి, గట్టి నల్ల ముద్దలా మిగులుతుంది. అది చల్లారేదాకా ముట్టుకోకు. కాగితం వాసన, వెంట్రుక కంపు రెండూ కలిసి వస్తే అది కలిపి వడికిన దారం. వెదురు దారమని అమ్మేది చాలావరకు విస్కోసే, అంటే గుజ్జుని రసాయనాలతో కరిగించి తీసిన దారం. అదీ కాగితంలాగే కాలుతుంది కాబట్టి నిప్పుతో పట్టుకోలేవు. తడిపి లాగి చూడు. నూలు తడిస్తే ఇంకా బలంగా ఉంటుంది, విస్కోస్ తడిస్తే బలహీనపడి తేలిగ్గా తెగుతుంది.

అక్రిలిక్ చెడ్డదని కాదు. రంగు నిలుస్తుంది, ఉతుక్కోవడం తేలిక, ఖరీదు తక్కువ. తోరణాలకి, సంచులకి వాడుకో. ఇస్త్రీ మాత్రం పెట్టకు, సాగి వేలాడిపోతుంది. ఇప్పటికీ మన ఇళ్ళల్లో సాంబ్రాణి పొగ మానలేదు, పసివాళ్ళ ఒంటి మీదికి మాత్రం అది వద్దు. పైగా మన గోదావరి గాలిలో ఎంత తేమ ఉంటుందో నీకు తెలుసు. అక్రిలిక్ చెమట పీల్చదు, పిల్లల మెడ కింద చెమటకాయలు పేలతాయి. మన పిల్లలకి నూలే.

నూలులోనూ తేడా ఉంది. మన నరసాపురం లేసుకి వాడే మెర్సరైజ్డ్ దారాన్ని కాస్టిక్ సోడాలో ముంచి సాగదీస్తారు, ఆ మెరుపు అందుకే. టేబుల్ గుడ్డలకి దానికి సాటి లేదు. మిషనరీలు నేర్పిన ఈ పనికి 2024లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చిందని వినగానే నా వేళ్ళు చూసుకున్నాను. పసిపిల్లలకి మాత్రం ఆ మెరుపు వద్దు, మెత్తటి మామూలు నూలు తీసుకో. నూలుకి ఉన్నిలా సాగి మళ్ళీ దగ్గరయ్యే గుణం లేదు. రెండు సూదులతో అల్లేటప్పుడు మెడ పట్టీ, చేతి పట్టీ వదులైపోతాయి. అక్కడ ఒక సైజు చిన్న సూది వాడు. ముందు నాలుగంగుళాల ముక్క అల్లి, మూడుసార్లు ఉతికి, ఆరబెట్టి కొలువు. కుచించుకుంటే నీ ముక్కే కుచించుకోవాలి, కొన్నవాళ్ళ స్వెట్టరు కాదు. చిల్లుల డిజైన్లు వద్దమ్మా, చిన్ని వేళ్ళు ఇరుక్కుంటాయి. కుచ్చులు అసలే వద్దు.

అరకు వైపు నుంచో, ఢిల్లీలో ఉన్న మనవాళ్ళ నుంచో ఆర్డరు వస్తే అప్పుడు మెరినో గొర్రెల మెత్తటి ఉన్ని కొను. దాన్ని వేడినీళ్ళలో రుద్దితే అట్టకట్టి బొమ్మ చొక్కా అంత అవుతుంది, చల్లటి నీళ్ళలో ముంచి తీయాలని చీటీ రాసి పెట్టు. పురుగు పట్టకుండా కలరా ఉండలు వేయకు, పసివాళ్ళకి మంచిది కాదు. ఉతికి, బాగా ఆరబెట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టు. నూలు కూడా వానాకాలం నేల మీద పెట్టకు. 1996 తుఫానులో మా ట్రంకుపెట్టె తడిసి, అల్లిన లేసంతా నల్ల మచ్చలు పట్టింది, ఎంత ఉతికినా పోలేదు.

తిట్టానని బాధపడకు. నీ అల్లిక మీ అమ్మ ఫోటో పంపింది, గొలుసు కుట్లన్నీ సమానంగా ఉన్నాయి. నీ వయసులో నాకు అంత చెయ్యి రాలేదు. ఆ ఐదు కిలోలూ ఇంకా విప్పకు. పండక్కి వచ్చేటప్పుడు ఒక్కో రంగులోంచి మూరెడు కత్తిరించి తీసుకురా. పెరట్లో బావి దగ్గర ఇద్దరం కూర్చుని కాల్చి చూద్దాం. అగ్గిపెట్టె నేనే పట్టుకుంటాను.

మీ పెద్దమ్మ