గోల్కొండ నవాబులా, సుల్తానులా?

సందేహం: గోల్కొండను ఏలినవాళ్లను మా ఊళ్లో పెద్దవాళ్లు ‘నవాబులు’ అంటారు. పిల్లల పాఠంలో ‘కుతుబ్‌షాహీ సుల్తానులు’ అని ఉంది. ‘పాదుషా’ అని కూడా అక్కడక్కడా చదివాను. మూడూ ఒకటేనా? ఒక వ్యాసం రాస్తూ ఇక్కడే ఆగిపోయాను. అలాగే రజియా సుల్తానా అనాలా, రజియా సుల్తాన్ అనాలా? ‘సుల్తాన్లు’ తప్పా?

సమాధానం: మాటల్లో ‘గోల్కొండ నవాబు’ అంటే తప్పు పట్టనక్కర్లేదు. చరిత్ర రాసేటప్పుడు మాత్రం ఆ మాట వద్దు. ఎందుకంటే ‘నవాబు’కు మూలమైన అరబ్బీ ‘నాయిబ్’కు, ఒకరి తరఫున పని చూసేవాడు అని అర్థం. దాని బహువచనాన్ని గౌరవం కోసం ఒక్కరికే వాడగా నవాబు అయింది. నవాబు అన్నామంటే అతని పైన ఇంకో ప్రభువు ఉన్నాడని ఒప్పుకున్నట్టే.

సుల్తాను సంగతి వేరు. అరబ్బీలో ఆ మాటకు మొదటి అర్థం ‘అధికారం’. తర్వాతే అది అధికారం చేతిలో ఉన్న మనిషికి బిరుదైంది. 1055లో సెల్జుక్ తుర్కుల నాయకుడు తుగ్రిల్ బేగ్ బాగ్దాదులో అడుగుపెట్టాక ముస్లింల మతాధిపతి అయిన ఖలీఫాకు మతపరమైన గౌరవం మిగిలింది, సైన్యమూ పాలనా సుల్తాను చేతికి వెళ్లాయి. ఢిల్లీని ఏలిన ఇల్తుత్‌మిష్‌కు 1229లో ఖలీఫా గుర్తింపు వచ్చింది. శుక్రవారం ఖుత్బాలో, అంటే మసీదు ప్రసంగంలో, ఎవరి పేరు చదువుతారు, నాణెం మీద ఎవరి పేరు ఉంటుంది అన్నవి సుల్తానుకు గుర్తులు. వాటి సరసన నేను మూడోది కూడా చేరుస్తాను: చరిత్ర గ్రంథం.

ఢిల్లీలో మిన్హాజ్ 1260లో ముగించిన చరిత్రకు సుల్తాన్ నాసిరుద్దీన్ పేరు మీద ‘తబకాతె నాసిరీ’ అని పేరు పెట్టాడు. దక్కనులో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ముహమ్మద్ బిన్ తుగ్లక్ జనాన్ని దౌలతాబాదుకు తరలించినప్పుడు ఇసామీ అనే కుర్రవాడు తాతతో కలిసి బయల్దేరాడు. తొంభై ఏళ్ల ఆ తాత తొలి మజిలీలోనే కన్నుమూశాడు. 1347లో తుగ్లక్ మీద తిరగబడి హసన్ బహమన్ షా దక్కనులో కొత్త రాజ్యం పెట్టాడు. మూడేళ్లకు, 1350లో, ఆ రాజు కోసం ఇసామీ పారసీ పద్యాల్లో ‘ఫుతూహుస్సలాతీన్’ రాశాడు. ‘సలాతీన్’ అంటే సుల్తానులు. గజనీ మహమూదు నుంచి వరసగా చెప్పుకొచ్చి, తుగ్లక్‌ను దుష్టుడిగా చూపి, ఆ వరసలోకి బహమన్ షాను తెచ్చాడు. నిన్నటిదాకా తిరుగుబాటుదారు అనిపించుకున్నవాడికి ఈ పుస్తకం వంశగౌరవం లాంటిది ఇచ్చింది. అందుకే ఇసామీని చదివేటప్పుడు తాత చావునూ, కొత్త రాజు కొలువునూ రెండింటినీ గుర్తుంచుకోవాలి.

ఇక గోల్కొండ. వంశానికి మూలపురుషుడు సుల్తాన్ కులీ. ఇక్కడ చాలామంది పొరబడతారు, ఆయన పేరులోని ‘సుల్తాన్’ బిరుదు కాదు. తుర్కీలో ‘కులీ’ అంటే సేవకుడు, పేరంతా కలిపితే సుల్తాను సేవకుడు అని. బహమనీ రాజ్యంలో ఆయన తెలంగాణకు తరఫ్‌దారు, అంటే ఆ ప్రాంతపు అధికారి, బిరుదు కుత్బుల్ ముల్క్. సమాధి శాసనం కూడా ఆయన్ను ‘మలిక్’ అనే, అంటే సర్దారు అనే, అంటుంది. మనవాళ్లు ఇబ్రహీం కుతుబ్‌షాను ‘మల్కిభరాముడు’ అన్నారు కదా, అందులో ఉన్నదీ ఆ మలిక్కే. తెలుగు కవులు విన్నది విన్నట్టు పట్టుకున్నారు, పట్టుకుని చివర్లో రాముణ్ణి కూడా చేర్చుకున్నారు. నాకు ఎంతో ఇష్టమైన మాట అది. తర్వాతి తరాలకు వచ్చేసరికి ఆ కొలువులోనే పారసీలో రాసిన చరిత్ర పేరు ‘తారీఖె సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్‌షా’. వాళ్లు తమను ఏమని చెప్పుకున్నారో దీన్నిబట్టే తెలుస్తోంది.

1636లో అబ్దుల్లా కుతుబ్‌షా షాజహాన్‌కు లొంగి కప్పం ఒప్పుకున్నాడు కదా, అప్పటినుంచైనా నవాబు అనొచ్చా అని మీరు అడగవచ్చు. కూడదు. అతను వంశపారంపర్యంగా ఏలిన రాజు, మొఘలులు నియమించిన ఉద్యోగి కాడు. 1687లో ఔరంగజేబు తానీషాను ఓడించాకే గోల్కొండ మొఘల్ సుబేదార్ల చేతికి వెళ్లింది. ఆ తర్వాతి ఆర్కాటు, కర్నూలు పాలకులు నవాబులే. మన పల్లెలు దగ్గరగా చూసింది వీళ్లను కాబట్టి, అదే మాట వెనక్కి వెళ్లి తానీషాకూ అంటుకుని ఉంటుంది.

పాదుషా పారసీ మాట, చక్రవర్తి అని అర్థం. తెలుగులో 1526కు ముందు ఢిల్లీవారిని సుల్తానులనీ, తర్వాత మొఘలులను పాదుషాలనీ రాస్తే గందరగోళం ఉండదు.

పేర్లు వంచడం రెండువైపులా జరిగింది. ఢిల్లీ చరిత్రకారులు మన ప్రతాపరుద్రుణ్ణి ‘లద్దర్ దేవ్’ అని రాశారు. ఇటు సుల్తాను శాసనాల్లో ‘సురత్రాణ’ అయ్యాడు, అంటే దేవతలను కాపాడేవాడు! విజయనగర రాజులు ‘హిందూరాయ సురత్రాణ’ అని బిరుదే పెట్టుకున్నారు.

ఢిల్లీని ఏలిన రజియా విషయంలో మిన్హాజ్‌నే అనుసరించండి. ఆమె పాలనను కళ్లారా చూసినవాడు, ఆమెను ‘సుల్తాన్’ అనే రాశాడు. రాజుకు కావలసిన గుణాలన్నీ ఉన్నాయని మెచ్చుకుని, మగపుట్టుక కాలేదు, ఏం లాభం అన్నవాడు కూడా బిరుదు దగ్గర తేడా చూపలేదు. సుల్తానా అంటే సుల్తాను భార్య అని కూడా అర్థం వస్తుంది. ఈమె సింహాసనం మీద కూర్చున్న మనిషి. ‘రజియా సుల్తాన్’ అనే రాయండి.

‘సుల్తాన్లు’ తప్పు కాదు, వాడుకలో ఉన్నదే. నేనైతే ‘సుల్తాను – సుల్తానులు’ రాస్తాను. ఏది రాసినా వ్యాసమంతా ఒకేలా ఉండేట్టు చూసుకోండి.