ఆన్‌లైన్ చర్చావేదికల్లో అసలు మారిందేమిటి?

ప్రధానంగా మారింది ఏ సందేశం ముందు కనబడాలో నిర్ణయించే పద్ధతి: ఒకప్పుడు వచ్చిన వరుసే క్రమం, ఇప్పుడు చాలాచోట్ల ఓట్లు, అల్గారిదమ్‌లు ఆ పని చేస్తున్నాయి. దీనికి కారణం రద్దీ. 1978లో షికాగోలో మొదలైన, కంప్యూటర్ ద్వారా సందేశాలు పెట్టుకునే బోర్డు సీబీబీఎస్‌కు ఒకే టెలిఫోన్ లైన్ ఉండేది కాబట్టి, ఒకరు మోడెమ్ ద్వారా ప్రవేశించి, చదివి, రాసి, లైన్ వదిలితేనే మరొకరికి అవకాశం దక్కేది. అంత నెమ్మదిగా సాగే చోట వడపోత అవసరం పెద్దగా ఉండదు. 1980లో వచ్చిన, అనేక కంప్యూటర్ల మధ్య సందేశాలు పంచుకునే చర్చావ్యవస్థ యూజ్‌నెట్‌లో జనం పెరిగాక, నచ్చని వ్యక్తుల రాతలు తమకు కనబడకుండా పాఠకులు ‘కిల్ ఫైల్’ పెట్టుకునేవారు. వడపోత పాఠకుడి చేతిలోనే ఉండేదన్నమాట, ఒక విధంగా అదే మెరుగైన ఏర్పాటు.

ఇప్పుడు ఓట్లు ఆ పని ఎలా చేస్తున్నాయో చూస్తే, 2005లో మొదలైన రెడిట్‌లో ఉదయం అడిగిన ప్రశ్నకు రాత్రి వచ్చిన జవాబు కూడా, తగినన్ని ఓట్లు పడితే, ముందున్న పాతిక జవాబులను దాటి పైకి చేరగలదు. పాత ఫోరంలో అయితే అది రెండో పేజీ అడుగున ఉండిపోయేది.

ఈ వేదికలు వెబ్‌తోనే పుట్టాయని చాలామంది అనుకుంటారు గానీ, 1991లో వెబ్ ప్రజలకు అందేనాటికే యూజ్‌నెట్ మొదలై పదేళ్లు దాటింది.