కుక్కపిల్ల గుర్రుమంటే తిట్టకండి

బెంగళూరు వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్‌లో మీ ఐదు నెలల లాబ్రడార్ పిల్ల, పనమ్మాయి వచ్చినా డెలివరీ అబ్బాయి వచ్చినా మీ కాళ్లకు అడ్డం నిలబడి గుర్రుమంటోందని, మిమ్మల్ని కాపాడుతోందేమోనని రాశారు. ఈ వయసులో అది చాలావరకు కాపలా కాదండీ, భయం. తోక కాళ్ల మధ్యకి పోతోందా, ఒకడుగు ముందుకేసి మళ్లీ వెనక్కి తగ్గుతోందా గమనించండి.

కొత్త మనుషుల్ని తేలిగ్గా ఒప్పుకునే వయసు సుమారు 3 నుంచి 14 వారాలు. అది దాటినా నేర్పొచ్చు, ఓపిక కావాలంతే.

గుర్రుమన్నందుకు మాత్రం తిట్టకండి. అది హెచ్చరిక. దాన్ని నొక్కేస్తే రేపు చప్పుడు లేకుండా కరవొచ్చు.

బెల్ మోగగానే బెల్ట్ వేసి, తలుపుకు దూరంగా, అది మొరగకుండా ఉండగలిగినంత దూరంలో నిలబెట్టండి. మనిషి కనిపించగానే ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ ముక్క, చిన్నది, గోరంత చాలు. మనిషి వెళ్లిపోగానే ముక్కలు ఆపేయండి. వచ్చినవాళ్లు దాని కళ్లలోకి చూడకూడదు, తల నిమరకూడదు. 'మాకు కుక్కలంటే ప్రాణం' అంటూ మీదకి వంగే అంకుళ్లతోనే అసలు తంటా! మొహమాటపడకుండా ఆపండి.

లిఫ్ట్‌లో జనముంటే తర్వాతి దానికి ఆగండి. కబ్బన్ పార్కుకి తీసుకెళ్లినా గుంపులోకి వద్దు, దూరంగా బెంచీ చాలు.

ఈ గుర్రుమనడం ఉన్నట్టుండి మొదలైతే ముందు పశువుల డాక్టరుకి చూపించండి, నొప్పి ఉన్నా ఇలాగే చేస్తాయి. రేబిస్ టీకా అయిందో లేదో కూడా అప్పుడే అడగండి.