టెర్మినల్ బిగుసుకుపోతే కంట్రోల్ క్యూ నొక్కండి

ప్రశ్న: మాది తెనాలిలో చిన్న నెట్ సెంటర్. ఆన్‌లైన్ అప్లికేషన్లు, ప్రింట్లు, జిరాక్స్. షాపులో ఉన్న పాత కంప్యూటర్‌కి విండోస్ 11 ఎక్కదన్నారు. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాక మా అబ్బాయి దాంట్లో విండోస్ బదులు ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి బెంగళూరు వెళ్లిపోయాడు. ఏదైనా ఇబ్బంది వచ్చి ఫోన్ చేస్తే "అమ్మా, టెర్మినల్ తెరిచి ఇది కొట్టు" అంటాడు. మాటలు టైపు చేసి కంప్యూటర్‌కి పనులు చెప్పే ఆ విండో చూస్తేనే నాకు టెన్షన్. మొన్న అందులో ఏదో కొడుతుంటే మొత్తం బిగుసుకుపోయింది. ఏ అక్షరం నొక్కినా పడలేదు. భయమేసి స్విచ్ ఆపేశాను. నా వయసు 48. ఈ వయసులో నాకిది వస్తుందా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వస్తుందమ్మా. రోజంతా ఫారాలు నింపే చేతికి టైపింగ్ కొత్త కాదు. ముందు ఆ బిగుసుకుపోయిన సంగతి చూద్దాం, మీ భయం అక్కడే మొదలైంది కాబట్టి.

మీరు కంట్రోల్ ఎస్ నొక్కి ఉంటారని నా ఊహ. ఫారం నింపేటప్పుడు నిమిషానికోసారి సేవ్ చేసే అలవాటు మీ వేళ్లకు ఉంటుంది. టెర్మినల్‌లో ఆ మీటకు అర్థం వేరు: "తెరమీదికి పంపడం ఆపు" అని. వెనకటి రోజుల్లో పెద్ద కంప్యూటర్‌కి తీగతో కలిపిన యంత్రాల ముందు కూర్చుని పనిచేసేవారు. అక్షరాలు ఆగకుండా వచ్చి పడుతుంటే కాసేపు నిలిపి చదువుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు అది. కంట్రోల్ క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది. ఈలోగా మీరు కంగారులో కొట్టినవన్నీ కూడా ఒక్కసారిగా వచ్చి పడతాయి. అందుకని ఈసారి తెర ఆగితే ఇంకేమీ నొక్కకుండా ముందు కంట్రోల్ క్యూ. స్విచ్ జోలికి వెళ్లకండి. ఇలాంటిదే ఇంకొకటి: కంట్రోల్ సీ అక్కడ కాపీ చేయదు, నడుస్తున్న పనిని ఆపేస్తుంది. అక్కడ కాపీకి కంట్రోల్ షిఫ్ట్ సీ, పేస్ట్‌కి కంట్రోల్ షిఫ్ట్ వీ నొక్కాలి.

ఇక మొదలుపెట్టడం. కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే ముదురు ఊదా రంగు విండో తెరుచుకుంటుంది. పీ, డబ్ల్యూ, డీ అనే మూడు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. మీరిప్పుడు ఏ ఫోల్డర్‌లో ఉన్నారో చెబుతుంది. ఎల్, ఎస్ కొడితే అక్కడ ఏమేం ఉన్నాయో చూపిస్తుంది. అన్నీ చిన్న బడి అక్షరాలే. ఈ రెండూ చూసి చెప్పేవే తప్ప దేన్నీ మార్చవు. వందసార్లు కొట్టినా ఏమీ పోదు. వారం రోజులు ఈ రెండే కొట్టండి.

తర్వాత సీ, డీ. ఇది ఒక ఫోల్డర్‌లోంచి ఇంకో ఫోల్డర్‌లోకి తీసుకెళుతుంది. సీడీ కొట్టి, ఖాళీ వదిలి, డౌన్‌లోడ్స్ పేరులో మొదటి రెండక్షరాలు డీ, ఓ కొట్టి ట్యాబ్ నొక్కండి. డీ పెద్దదిగా ఉండాలి. ఇక్కడ పెద్ద డీ వేరు, చిన్న డీ వేరు. ట్యాబ్ నొక్కినా కదలదు, ఎందుకంటే డాక్యుమెంట్స్ కూడా అలాగే మొదలవుతుంది. రెండోసారి నొక్కితే రెండు పేర్లూ చూపిస్తుంది. డబ్ల్యూ చేర్చి మళ్లీ నొక్కితే మిగతా పేరు అదే పూర్తి చేస్తుంది. ఈ ట్యాబ్ మీట అలవాటైతే స్పెల్లింగ్ తప్పుల బాధ సగం తీరిపోతుంది.

పేర్లు ఇంత పొట్టిగా ఎందుకున్నాయని మీకు అనిపించవచ్చు. ఇవి 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి వచ్చిన అలవాటు. కాగితం మీద అచ్చుకొట్టే అప్పటి టెలిటైప్ యంత్రాలు సెకనుకు పది అక్షరాలే కొట్టేవి, మీటలు గట్టిగా నొక్కాల్సి వచ్చేది. 1991లో హెల్సింకీలో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టాడు. అక్కడా ఈ పొట్టి పేర్లే నడిచాయి. మీ ఉబుంటు ఆ లినక్స్ మీద కట్టిందే.

మీ షాపులో పనికొచ్చేది ఒకటి చెబుతాను. రోజంతా జనం ఆధార్ కార్డులు, మార్కుల మెమోలు మీ డౌన్‌లోడ్స్‌లో పేరుకుపోతాయి. వాటిని సాయంత్రానికి తీసేయడం వాళ్లపట్ల మీ బాధ్యత అనుకుంటాను. టెర్మినల్‌లో తీసేసే కమాండ్ ఆర్, ఎం. దీనితో మాత్రం జాగ్రత్త తల్లీ. ఇది చెత్తబుట్టలో వేయదు, తిరిగి తెచ్చుకునే దారి దాదాపు ఉండదు.

2008లో ఒక డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో పనిచేసేటప్పుడు పాత బ్యాకప్ ఫైళ్లు మాత్రమే తీసేద్దామని కూర్చున్నాను. ఆర్ఎం, ఖాళీ, స్టార్, ఆ వెంటనే డాట్ బీఏకే కొట్టాలి. స్టార్ తర్వాత పొరపాటున ఇంకో ఖాళీ పడింది. స్టార్ ఒక్కటే ఉంటే "అన్నీ" అని అర్థం. ఎంటర్ నొక్కాక "డాట్ బీఏకే అనే ఫైల్ లేదు" అని జవాబొచ్చింది. అప్పటికే ఇంటర్నల్ మార్కులన్నీ పోయాయి. కాగితాలు ముందు పెట్టుకుని రెండు రాత్రులు కూర్చుని మళ్లీ ఎక్కించాను.

అప్పటినుంచి ఆర్ఎం నేరుగా కొట్టను. మీరూ ఇలాగే చేయండి. ముందు ఎల్ఎస్, ఖాళీ, ఆపైన స్టార్ డాట్ పీడీఎఫ్ మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. పేరు చివర డాట్ పీడీఎఫ్ ఉన్నవన్నీ అని దానర్థం. ఏ ఫైళ్లు చూపిస్తుందో నిదానంగా చదవండి. అన్నీ తీసేయదగ్గవే అయితే పై బాణం నొక్కండి, ఇందాక కొట్టిన వరుస తిరిగి వస్తుంది. అందులో ఎల్ఎస్ చెరిపి, ఆర్ఎం, ఖాళీ, అడ్డగీత, ఐ అని పెట్టండి. ఐ ఉంటే ఒక్కో ఫైల్‌కీ "తీసేయమంటారా?" అని అడుగుతుంది. వై కొడితేనే తీస్తుంది. ఫైళ్లను వేరేచోటికి జరిపే ఎం, వీకి కూడా ఐ పెట్టండి. లేకపోతే అదే పేరుతో అక్కడున్న ఫైల్ మీద అడగకుండా రాసేస్తుంది.

సుడో అంటే ఆ పనిని కంప్యూటర్ మీద పూర్తి అధికారంతో చేయించే మాట. మీ అబ్బాయి సుడో అని మొదలుపెట్టి ఏదైనా కొట్టమంటే, అది ఏం చేస్తుందో ఒక్క ముక్కలో చెప్పమనండి. తెలుసుకున్నాకే కొట్టండి. పాస్‌వర్డ్ అడిగినప్పుడు తెరమీద చుక్కలు కూడా పడకపోవచ్చు. మీటలు పనిచేస్తూనే ఉంటాయి, పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి.

ప్రశ్న: ఫైళ్లకు తెలుగులో పేర్లు పెడితే టెర్మినల్‌లో ఒత్తులు విడిపోయి కనిపిస్తున్నాయి. ఫైల్ పాడైనట్టేనా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పాడవలేదు. టెర్మినల్ ప్రతి అక్షరాన్నీ ఒకే వెడల్పు గడిలో కూర్చోబెట్టాలని చూస్తుంది. మన గుణింతాలు, ఒత్తులు అందులో ఇమడవు. లోపల పేరు సరిగ్గానే ఉంటుంది. ఫైల్ మేనేజర్‌లో తెరిచి చూడండి, చక్కగా కనిపిస్తుంది. పేరు మధ్యలో ఖాళీ ఉంటే మాత్రం కమాండ్‌లో దానికి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టాలి.

పొడవు విషయం ఒకటి గుర్తుంచుకోండి. ఉబుంటులో మామూలుగా ఫైల్ పేరుకు 255 బైట్లే హద్దు. బైటు అంటే కంప్యూటర్ నిల్వను కొలిచే చిన్న కొలత. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు. "లక్ష్మి" మన కంటికి రెండక్షరాలు. కంప్యూటర్ దాన్ని ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు గుర్తులుగా, 21 బైట్లుగా లెక్కేస్తుంది. అలా 85 గుర్తులు దాటితే పేరు తీసుకోదు. పెళ్లి శుభలేఖలోని వరుసంతా ఫైల్ పేరుగా పెట్టకుండా ఇంటిపేరు, తేదీ పెట్టుకుంటే సరిపోతుంది.