గొంతు తగ్గించు, అమ్మలూ

పెద్ద వాల్తేరు, విశాఖపట్నం
ఆదివారం రాత్రి

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. బీచ్ రోడ్డులో కొత్తగా పెట్టిన బొమ్మల గ్యాలరీలో నీకు అటెండెంటు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. సంతోషంగా చెప్పలేదు. "బొమ్మలు గియ్యడం చదివించింది గుమ్మం దగ్గర నిలబెట్టడానికా అన్నయ్యా" అంది. నేను ఊరుకున్నాను. 31 ఏళ్ళు నేనూ అలాంటి గుమ్మం దగ్గరే నిలబడి, ఆ జీతంతోనే దాని పెళ్ళి చేశానని నా నోటితో గుర్తు చెయ్యడం ఏం బాగుంటుంది?

ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. మన ఇంట్లోంచి ఇంకొకరు ఆ పని చెయ్యబోతున్నారని గర్వంగానే ఉంది. ఆ ఇంకొకరు నువ్వు కాబట్టి భయంగా కూడా ఉంది. నీది మీ అమ్మమ్మ గొంతు. నాదీ అదే. ఆవిడ గుమ్మంలో నిలబడి పిలిస్తే వీధి చివర కొళాయి దగ్గర కొట్టుకుంటున్న వాళ్ళు కూడా ఆగిపోయేవారు. ఆ గొంతు గురించే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే "ఊఁ మావయ్యా, ఊఁ మావయ్యా" అంటావు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. మెత్తటి అడుగున్న చెప్పులు కొనుక్కో. పట్టీలు, గాజులు ఇంట్లో వదిలెయ్యి. ఒక్క కాలి మీదే బరువు వెయ్యకు, వేస్తే నా పిక్కల్లా నరాలు తేలతాయి. లేబుల్‌కి అడ్డంగా నిలబడకు. ఉక్కపోస్తోందని ఎవరు అడిగినా కిటికీ తియ్యకు. మా మేడ మీద గ్రిల్లుకి ఏటా రంగు వేయిస్తున్నా తుప్పు పొరలుగా రాలుతోంది, ఆ ఉప్పుగాలికి కాగితం మీద బొమ్మ ఒక లెక్కా? నీటిరంగుల గదిలో దీపాలు మందంగా ఉంటాయి. వెలుతురు 50 లక్స్ దాటితే రంగులు తొందరగా వెలిసిపోతాయని మా క్యూరేటర్ గారు చెప్పేవారు. నిన్ను మాత్రం రోజుకి పదిమంది "కరెంటు పోయిందా అమ్మా" అని అడుగుతారు. పదోవాడికి కూడా నవ్వుతూనే చెప్పు.

ఇక జనం. బొమ్మలు చూడ్డానికే వస్తారు, కాదనను. కానీ వచ్చినంతసేపట్లో సగం ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడానికే సరిపోతుంది. లోపలికి రాగానే గుడికొచ్చినట్టు గొంతు తగ్గిస్తారు. కొందరు చెప్పులు విప్పబోతారు. విప్పక్కర్లేదని పక్కవాళ్ళకి వినపడకుండా చెప్పు, సిగ్గుపడతారు. మనవాళ్ళు చాలామంది ప్రదక్షిణం అలవాటుకొద్దీ ఎడమ చేతి గోడ నుంచి మొదలుపెడతారు. భర్త లేబుల్ పైకి చదువుతాడు, భార్య అతని భుజం మీదుగా బొమ్మ చూస్తుంది, అతను చదవడం పూర్తయ్యేసరికి ఆవిడ చూడ్డం కూడా అయిపోతుంది. బట్టల్లేని విగ్రహం ఉందనుకో, ముందు మెడ తిప్పి తమని ఎవరు చూస్తున్నారో చూసుకుని, ఆ తర్వాతే విగ్రహం వైపు తిరుగుతారు. కాలేజీ గుంటలు గుంపుగా వస్తే నవ్వుతారు. ఆ గుంపులోంచే ఒకడు పావుగంట తర్వాత ఒంటరిగా వెనక్కొస్తాడు. అప్పుడు నువ్వు సీలింగు చూడాలి. మన ఉద్యోగంలో సీలింగు చూడ్డం కూడా ఒక పనే.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం ఒక్కో బొమ్మ ముందు ఎంతసేపు నిలబడుతున్నారో ఎవరో లెక్కగట్టారు. 2001లో అచ్చయింది. సగటున 27 సెకన్లు, సగానికి సగం చూపులు 17 సెకన్ల లోపే. మా క్యూరేటర్ గారు రిటైరయ్యాక కూడా ఇలాంటివి నాకు చెబుతుండేవారు. నాకేమీ ఆశ్చర్యం వెయ్యలేదు. ఎవరూ ఆగని బొమ్మ ఏదైనా ఉంటే నేనే వెళ్ళి దాని ముందు రెండు నిమిషాలు నిలబడేవాణ్ణి. ఇద్దరు ముగ్గురు చేరేవారు, నేను తప్పుకునేవాణ్ణి. బొమ్మ కూడా అక్కర్లేదు మరి! 1911 ఆగస్టులో పారిస్ లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసాని ఎత్తుకుపోతే, అది ఉండే ఖాళీ గోడని చూడ్డానికి జనం బారులు తీరారు.

నువ్వు ఇంటర్‌లో ఉన్నప్పుడు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంకి తీసుకెళ్ళాను, గుర్తుందా? మేలిముసుగు రెబెక్కా ముందు నిలబడి "రాయిలోంచి ముఖం ఎలా కనిపిస్తోంది మావయ్యా" అని అడిగావు. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కాడని, నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నాడని అక్కడ రాసినదే నీకు చదివి వినిపించి పండితుడిలా నిలబడ్డాను. తర్వాత గంట కొట్టే గడియారం దగ్గరికి వెళ్ళాం. గంట కొట్టే బుల్లి మనిషి కోసం అందరూ మెడలు సాచి కూర్చుంటే, నేను గడియారానికి వీపు పెట్టి జనం ముఖాలు చూస్తున్నాను. నువ్వు నా చొక్కా పట్టుకుని లాగావు, "మావయ్యా, గడియారం అటుంది" అని. నేను తిరగలేదు. గంట మోగగానే ముసలీ ముతకా అందరి నోళ్ళూ ఒక్కసారే తెరుచుకున్నాయి. నీ నోరు కూడా.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి తెలీదు. మీ అత్తయ్యకి సగం తెలుసు.

1988 దసరా సెలవులు. నేను పనిచేసిన ఊరు పేరు ఇక్కడ రాయను, నీకు తెలిసిందే. మా గదిలో జానెడున్నర మట్టి గుర్రం ఒకటి ఉండేది. దాని అద్దాల పెట్టె రిపేరుకి పోయి రెండు నెలలైనా తిరిగిరాలేదు. గుర్రాన్ని ఒట్టి పీఠం మీద, నడుమెత్తున నిలబెట్టారు. అడ్డంగా తాడు కూడా లేదు. అడిగితే "నువ్వున్నావు కదా" అన్నారు.

ఆ రోజు పల్లెటూరి నుంచి ఒక కుటుంబం వచ్చింది. తండ్రి ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు, తల్లి చంకలో పసిపిల్ల, వెనకాల ఏడేళ్ళ గుంటడు. బడిలో చెప్పారేమో, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నడుస్తున్నాడు. గుర్రం దగ్గర ఆగాడు. ఎంతసేపో చూశాడు. 17 సెకన్లు కాదు, ఐదు నిమిషాలు. దాని చెవి కొంచెం పక్కకి వంగి ఉండేది, నిజం గుర్రం ఈగని తోలుతున్నట్టు. వాడు ఒక చెయ్యి విడిపించుకున్నాడు. ఒక్క వేలు చాపాడు. ఆ వేలు చెవికి ఇంకా బెత్తెడు దూరంలోనే ఉంది.

నేను గుమ్మం దగ్గర ఉన్నాను. పదిహేను అడుగులు వెయ్యొచ్చు. వెయ్యలేదు. "ఒరేయ్! చెయ్యి!" అని అరిచాను. మీ అమ్మమ్మ గొంతుతో.

వాడు ఉలిక్కిపడి గిర్రున తిరిగాడు. వేలు తగల్లేదు, మోచెయ్యి తగిలింది. పెంకు పగిలినట్టు చిన్న చప్పుడు, అంతే. చెవి, ముందుకాలు ఒకటి విరిగిపోయాయి. గదిలో ముప్ఫైమంది ఉంటారు. ఒక్కరు కూడా గుర్రాన్ని చూడలేదు అమ్మలూ. అందరూ ఆ కుటుంబాన్ని చూశారు. ఆ చూపులకి తాళలేక తండ్రి పిల్లాణ్ణి చెంప మీద కొట్టాడు. తల్లి పసిదాన్ని నేల మీద దింపి, ముక్కలన్నీ కొంగులోకి ఏరింది, తిరిగి ఇచ్చేస్తే మేం తీసుకుంటామన్నట్టు.

ఆఫీసులో వాళ్ళని రెండు గంటలు కూర్చోబెట్టి తండ్రి చేత క్షమాపణ రాయించారు. నన్ను రిపోర్టు రాయమన్నారు. "సందర్శకుని కుమారుడు వస్తువును ముట్టుకొనుటకు ప్రయత్నించగా విరిగినది" అని రాశాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు చూడు. నా అరుపు లేదు, అంతే. పిల్లాడికి గ్లాసుతో నీళ్ళిచ్చాను. వాడు తాగకుండా పట్టుకుని, "మళ్ళీ నిలబడతాదా?" అని అడిగాడు. నిలబడుతుందన్నాను.

నిలబడింది. బాగా అతికారు. కానీ చెవి దగ్గర సన్నటి గీత ఉండిపోయింది. తర్వాత ఎన్నేళ్ళో రోజూ పొద్దున్న గది తలుపు తియ్యగానే ముందు ఆ గీత చూసేవాణ్ణి.

2006లో ఇంగ్లండులో, కేంబ్రిడ్జి ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఒకాయన తన బూటు లేసు తనే తొక్కుకుని మెట్ల మీద తూలి, కిటికీ గట్టు మీదున్న మూడు చైనా కూజాలు పగలగొట్టాడని పేపర్లో పడింది. పేపరు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆయనకి చెప్పుకోడానికి లేసు ఉంది. ఆ గుంటడికి చెప్పుకోడానికి ఉన్నది నా అరుపొక్కటే, దాన్ని నేను రిపోర్టులోంచి తీసేశాను.

అందుకని, చెయ్యి లేవబోయే ముందు భుజం కదులుతుంది, అది కనిపెట్టు. కనిపెట్టి, నడు. పరిగెత్తకు. పిల్లల దగ్గరికైతే వాళ్ళ ఎత్తుకి వంగి, "చెవి భలే ఉంది కదా" అని చూడు, చెయ్యి దానంతటదే దిగిపోతుంది. తల్లిదండ్రుల వైపు మాత్రం చూడకు. నువ్వు చూస్తే గదంతా చూస్తుంది. కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం ఎక్కొచ్చిన పిల్లలు అక్కడి ఇనుముని తడిమి తడిమి తిన్నగా మీ దగ్గరికే వస్తారు, వాళ్ళ చేతుల్లో ఇంకా ఆ ఊపు ఉంటుంది. తిట్టకు.

లుంగీ కట్టినవాళ్ళని, ఒంటరిగా వచ్చినవాళ్ళని కనిపెట్టి ఉండమని మీ పై ఆఫీసరు ఎవరో ఒకరు చెబుతారు. తలూపు, నీ పని నువ్వు చూసుకో. 1914లో లండన్ నేషనల్ గ్యాలరీలో మేరీ రిచర్డ్‌సన్ అనే ఆవిడ వెలాస్కెజ్ గీసిన వీనస్ బొమ్మని మాంసం కొట్టే కత్తితో చీల్చింది. తర్వాత బ్రిటిష్ మ్యూజియం వాళ్ళు మగతోడు గానీ, పెద్దమనిషి ఎవరైనా రాసిచ్చిన ఉత్తరం గానీ లేకుండా ఆడవాళ్ళని లోపలికి రానిచ్చేది లేదన్నారు. ఆ రోజుల్లో అయితే నిన్ను చూసేవాళ్ళు, ఇప్పుడు నువ్వు చూసేదానివి. బట్టలు చూడకు, చేతులు చూడు.

ఏదైనా పగిలిందా, అందర్నీ ఉన్నచోటే ఆగమను. ముక్కలు ఏరకు, ఊడవకు, ఎవర్నీ ఏరనివ్వకు. రిపోర్టులో ముందు నువ్వేం చేశావో రాయి, ఆ తర్వాతే వాళ్ళేం చేశారో. నీకు రాయడం రాదని సాకు చెప్పకు, ఎనిమిదో తరగతిలో నా మీద నువ్వు రాసిన ఫిర్యాదు కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

మేడ మీద గది కడిగించాను. మంచం పక్కన కొత్త ఫ్యాను బిగించారు, కొంచెం చప్పుడు చేస్తుంది. చేరే ముందు ఒక రోజు చేతిలో ఉంచుకుని రా, విశాఖ మ్యూజియంకి వెళ్దాం. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు మన ఊరి మీద బాంబులు వేసినప్పటి గుండు అక్కడుంది. దాన్ని చూసి మగవాళ్ళు చేతులు ఎలా కట్టుకుంటారో ఒక మూల నిలబడి చూద్దువుగాని.

గుర్రం సంగతి అమ్మకి నేనే చెబుతాను, నువ్వు చెప్పకు.

పలాస బండికే వచ్చెయ్యి. స్టేషన్లో నిన్ను అరిచి పిలవను. ఓవర్‌బ్రిడ్జి మెట్ల దగ్గర నీలం గొడుగు పట్టుకుని నిలబడతాను, నువ్వే చూసుకుని రా.

ఇట్లు,
మావయ్య