టెక్ సందేహాలు: చీలిన హోస్‌ను పారేయకండి

ప్రశ్న: మాది తొమ్మిదేళ్ల పెట్రోల్ కారు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. కిందటేడు రేడియేటర్ పైభాగపు హోస్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ వెళ్లే రబ్బరు గొట్టం) పగిలితే మార్పించాను. పద్నాలుగు నెలలు తిరిగేసరికి, అనంతపురం వెళ్తుండగా బాగేపల్లి దాటాక కొత్తది కూడా చీలిపోయింది. ఒక మెకానిక్ డూప్లికేట్ హోస్ వేశారంటున్నారు. ఇంకొకరు హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే సీలు) పోయింది, ఇంజిన్ విప్పాలంటున్నారు. రెండేళ్ల కిందట ఆంప్లిఫైయర్ బిగించుకోవడం తప్ప కారులో వేరే మార్పులు చేయలేదు. కూలెంట్ తగ్గితే ఇంట్లో బోరు నీళ్లే పోస్తున్నాం. చీలిన హోస్ నా దగ్గరే ఉంది, ఫొటోలు పంపుతున్నాను. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఆ హోస్‌ను దాచి ఉంచడం చాలా మంచి పని. మన దగ్గర పాత హోస్ గ్యారేజీ చెత్తబుట్టలోకి పోతుంది, కారణమూ దానితోపాటే పోతుంది. మొదటి హోస్ ఏడెనిమిదేళ్లు పని చేసిన కారులో రెండోది పద్నాలుగు నెలలకే చీలిందంటే, కొత్త హోస్ నాణ్యతను అనుమానించవచ్చు. కానీ అక్కడితో ఆగిపోతే మూడో హోస్‌కూ ఇదే గతి పట్టవచ్చు.

హోస్ ఎక్కడ, ఎలా చెడిందన్నదే అసలు ఆధారం. వీటిని సాధారణంగా ఈపీడీఎం అనే రబ్బరుతో, మధ్యలో దారపు అల్లిక పెట్టి చేస్తారు. ఈ రబ్బరు వేడిని, కూలెంట్‌ను బాగా తట్టుకుంటుంది. ఇంజిన్ ఆయిల్‌ను మాత్రం ఓర్చుకోలేదు. పైనుంచి ఆయిల్ కారుతుంటే ఉబ్బి, మెత్తబడి, జిగటగా తయారవుతుంది. ఎగ్జాస్ట్ వేడి తగిలితే గట్టిపడి, వంచగానే పెళుసుగా పగుళ్లిస్తుంది. ఫ్యాన్ కవరుకో, పక్కనున్న బ్రాకెట్‌కో ఒరుసుకుంటే ఒక్కచోటే నున్నగా అరిగి దారాలు బయటపడతాయి. ఇంజిన్ మౌంట్ బలహీనపడితే ఇంజిన్ ఊగినప్పుడల్లా హోస్ లాగినట్టయి మెడ దగ్గర చిరుగుతుంది. హోస్‌ను బిగించే క్లాంప్ పట్టీని అతిగా బిగిస్తే దాని అంచు వెంబడే గుండ్రంగా కోత పడుతుంది. మీ ఫొటోల్లో ఇవేవీ లేవు. పైభాగం శుభ్రంగా ఉంది. చీలిక నిలువుగా, ఇంజిన్ వైపు చివర నుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోపల మొదలైంది. నా చూపు అక్కడే ఆగింది.

అయినా ముందు గాస్కెట్ సంగతి తేల్చుకోండి, ఎందుకంటే ఖర్చు పెద్దది అదే. కొత్త హోస్ బిగించాక, రాత్రంతా ఆగి ఉన్న కారును ఉదయం స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా చెయ్యి పెట్టి పై హోస్‌ను నొక్కి చూడండి. ఇంజిన్ ఇంకా వేడెక్కకముందే, ఒకటి రెండు నిమిషాల్లోనే హోస్ రాయిలా గట్టిపడితే, కూలెంట్ ట్యాంకులో ఆగకుండా బుడగలు వస్తుంటే, మండిన వాయువులు కూలెంట్‌లోకి చొరబడుతున్నట్టు అనుమానించాలి. అప్పుడు కూడా ఇంజిన్ విప్పే ముందు బ్లాక్ టెస్ట్ చేయించండి. ట్యాంకు నుంచి వచ్చే గాలిని నీలిరంగు ద్రవం గుండా పోనిస్తారు. అది పసుపురంగుకు మారితే గాస్కెట్ అనుమానం నిజమైనట్టే. ఈ పరీక్ష చేయకుండా ఇంజిన్ విప్పడానికి ఒప్పుకోకండి.

ఇక మీ హోస్‌ను కత్తితో నిలువునా కోసి లోపలి గోడ చూడండి. చివరల దగ్గర సన్నటి నిలువు గీతలు, బొటనవేళ్లతో వంచితే విచ్చుకునే పగుళ్లు కనిపిస్తే అది విద్యుత్ రసాయన చర్య వల్ల జరిగిన నష్టం. ఇంజిన్ లోహం, రేడియేటర్ లోహం, మధ్యలో కూలెంట్ కలిసి ఒక చిన్న బ్యాటరీలా పని చేస్తాయి. ఆ విద్యుత్తు రబ్బరు లోపలి పొరను చీల్చుతుంది. పగుళ్లలోంచి కూలెంట్ దారపు అల్లికలోకి ఇంకి దాన్ని బలహీనం చేస్తుంది. బయటికి హోస్ కొత్తదానిలాగే కనిపిస్తూ ఒకరోజు ఎండలో, హైవే మీద చీలిపోతుంది. కింది హోస్ కన్నా వేడి ఎక్కువగా ఉండే పై హోస్‌కే ఈ బాధ ఎక్కువ. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు హోస్ మధ్యభాగాన్ని, చివరలను విడివిడిగా వేళ్లతో నొక్కి పోల్చండి. చివరలు మెత్తగా, లోపల ఖాళీ పడినట్టు తగిలితే మార్చే సమయం వచ్చినట్టే.

కూలెంట్‌లో తుప్పును అడ్డుకునే రసాయనాలు ఉన్నంతకాలం ఈ చర్య అదుపులో ఉంటుంది. బోరు నీళ్లు పోసే కొద్దీ అవి పలచబడతాయి. బెంగళూరు బోరు నీటిలోని లవణాలు విద్యుత్తుకు దారి ఇస్తాయి, రేడియేటర్‌లో గారను పేరుస్తాయి. దానికి తోడు ఆంప్లిఫైయర్ నల్ల (ఎర్త్) తీగను పెయింట్ మీదే బిగించి ఉంటే, తిరుగు విద్యుత్తులో కొంత కూలెంట్ గుండా దారి వెతుక్కోవచ్చు.

దీన్ని మామూలు డిజిటల్ మల్టీమీటర్‌తో ఇంట్లోనే పట్టుకోవచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయండి. మూత లేని కారైతే కూలెంట్ ట్యాంకు తెరవండి. మీటర్ నల్ల తీగ మొనను బ్యాటరీ నెగటివ్‌కు ఆనించి, ఎర్ర తీగ మొనను లోహానికి తగలకుండా కూలెంట్‌లో ముంచండి. 0.3 వోల్టుల లోపు చూపిస్తే మంచిదే. అంతకు మించితే కూలెంట్ సత్తువ అయిపోయింది. తరువాత లైట్లు, ఏసీ ఫ్యాను, ఆంప్లిఫైయర్ ఒక్కొక్కటే వేస్తూ, చివరికి ఇంజిన్ స్టార్ట్ చేయిస్తూ అంకెను గమనించండి. దేన్ని వేసినప్పుడు అంకె ఎగబాకుతుందో దాని ఎర్తింగే లోపం. ఆంప్లిఫైయర్ అయితే ఆ తీగను పొట్టిగా చేసి, పెయింట్ గీకిన లోహం మీద బిగించండి. స్టార్ట్ చేసేటప్పుడు పెరిగితే ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని శుభ్రం చేయించండి.

ఆ తరువాతే కొత్త హోస్ కొనండి. మీ ఊళ్లోనే జేసీ రోడ్డు విడిభాగాల దుకాణాల్లో మీ మోడల్ వంపుతోనే వచ్చే హోస్ అడగండి. తిన్నటి గొట్టాన్ని వంచి పెట్టవద్దు. పాత నీటిని పూర్తిగా కడిగించి, కంపెనీ పుస్తకంలో చెప్పిన రకం కూలెంట్‌ను డిస్టిల్డ్ నీటితో సగంసగం కలిపి పోయించండి. రంగు చూసి కొనకండి, రంగుకూ రకానికీ ఖాయమైన సంబంధం లేదు. రేడియేటర్ మూత కూడా మార్చండి, పాతదాని మీద ముద్రించిన ఒత్తిడి అంకే కొత్తదాని మీదా ఉండాలి. సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో నీరు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతుంది. కూలెంట్ మరగకుండా ఉండేది ప్రధానంగా ఆ మూత నిలిపే ఒత్తిడి వల్లే. ఎప్పుడైనా ఉదయం చూసినప్పుడు హోస్ చదునుగా నొక్కుకుపోయి ఉంటే, మూతలోని వెనక్కి గాలి పీల్చే కవాటం మూసుకుపోయినట్టు.

ప్రశ్న: చెన్నై వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఎలుకలు హోస్‌లు కొరుకుతున్నాయి. అల్ట్రాసోనిక్ పరికరం కొనమంటారా?

జవాబు: వద్దు. ఎలుకలు ఆ శబ్దానికి త్వరగా అలవాటు పడతాయి. ఆ డబ్బుతో ఇంజిన్ కిందిభాగానికి సన్నకన్ను ఇనుప జాలీ వేయించండి, పార్కింగ్ దగ్గర చెత్త ఉంచనీయకండి.

ప్రశ్న: మా కారు టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది. అసలు ఉష్ణోగ్రతను ఫోనులో చూడవచ్చా? (ఎలక్ట్రానిక్ సిటీ పాఠకురాలు)

జవాబు: చూడవచ్చు, చూడడం మంచిది కూడా. చాలా కార్లలో ఆ ముల్లు కొన్ని డిగ్రీల తేడాలకు కదలకుండా ఉండేలా తయారుచేస్తారు. కాబట్టి అది కదిలేసరికే ఆలస్యం అయి ఉండవచ్చు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టులో (కారు కంప్యూటర్ సమాచారం చదివే సాకెట్‌లో) బ్లూటూత్ రీడర్ పెట్టి, ఫోను యాప్‌లో కూలెంట్ టెంపరేచర్ ఎంచుకోండి. వారం రోజులు గమనిస్తే మీ కారు మామూలుగా ఏ అంకె దగ్గర నిలుస్తుందో తెలుస్తుంది, దానికి పది డిగ్రీలు పైన హెచ్చరిక పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త. హోస్ చీలి కూలెంట్ అంతా కారిపోతే, సెన్సర్ ద్రవంలో కాక ఆవిరిలో మిగిలి తప్పు అంకె చూపిస్తుంది. ఎక్కుతున్న అంకె ఉన్నట్టుండి పడిపోయి, బానెట్ నుంచి తీపి వాసన వస్తే, కారు చల్లబడిందని అనుకోకుండా వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయండి. పూర్తిగా చల్లారే దాకా మూత ముట్టుకోవద్దు.