కృష్ణపట్నం నుంచి కొచ్చికి బియ్యం: ఓడ ఏజెంటు వేసిన లో సల్ఫర్ సర్‌ఛార్జీ సరైనదేనా?

మీ ప్రశ్న ఇది: నెల్లూరు మిల్లుల బియ్యం బస్తాలు కృష్ణపట్నం నుంచి కొచ్చికి ఓడలో పంపుదామంటే, ఏజెంటు కిరాయి మీద లో సల్ఫర్ సర్‌ఛార్జీ (గంధకం తక్కువున్న ఓడ నూనెకని వేసే అదనపు రుసుము) కలిపాడు, ఇంత దగ్గర రేవుకు అది న్యాయమేనా అని.

వేయడం తప్పు కాదండీ, ఎంత వేశాడన్నదే చూడాలి. 2020 జనవరి 1 నుంచి ఓడ కాల్చే నూనెలో గంధకం 0.50 శాతం మించకూడదు. అంతకుముందు 3.50 శాతం దాకా ఉండొచ్చు. పొగలోని గంధకాన్ని కడిగేసే స్క్రబ్బర్ అనే పరికరం పెట్టుకున్న ఓడలు పాత రకం నూనె వాడుకోవచ్చు గానీ, 7,000 టన్నులు మోసే చిన్న ఓడకు ఆ ఖర్చు గిట్టదు.

దూరం సంగతి కూడా చూడండి. పాక్ జలసంధిలో లోతు చాలదు కాబట్టి ఇలాంటి ఓడ శ్రీలంక చుట్టూ తిరిగి పోవాల్సిందే. 10 నాట్ల (గంటకు సుమారు 18.5 కిలోమీటర్ల) వేగంతో దాదాపు 4 రోజులు.

లెక్క ఇలా వేసుకోండి. ఓడ నడుస్తున్నప్పుడు రోజుకు 12 టన్నుల నూనె తాగుతుందనుకుందాం, రేవులో జనరేటర్లకు 1.5 టన్నులు. సముద్రంలో 4 రోజులకు 48, సరుకు ఎక్కించి దించడానికి రెండు రేవుల్లో కలిపి 8 రోజులకు 12, మొత్తం 60 టన్నులు. నూనె ధర టన్నుకు ₹8,000 పెరిగితే అదనపు భారం ₹4,80,000. బియ్యం టన్నుకు ₹69 దాకా, 50 కిలోల బస్తాకు సుమారు ₹3.40.

అసలు తేడా వచ్చేది తిరుగు ప్రయాణంలో. కొచ్చిలో సరుకు దొరక్క ఓడ ఖాళీగా వెనక్కి వస్తే రోజుకు 11 చొప్పున మరో 44 టన్నులు కాలుతుంది, అదీ మీ బియ్యం మీదే పడుతుంది. అప్పుడు టన్నుకు ₹119 దగ్గర తేలుతుంది. అందుకని ఓడ తర్వాత ఎక్కడికి పోతుందో ముందే అడగండి. కొచ్చిలోనే ఇంకో సరుకు కుదుర్చుకుని రెండో లెక్క మీ మీద వేస్తే ఒప్పుకోవద్దు.

సర్‌ఛార్జీ అంటే నూనె మొత్తం ఖరీదు కాదు, ఒప్పందంలో అనుకున్న ఆధార ధరకూ బంకర్ (ఓడ నూనె) పట్టిన రోజు ధరకూ మధ్య తేడా మాత్రమే. ఆధార ధర ఎంత, ఏ రేవు ధర, ఏ తేదీది అన్న మూడూ ఒప్పందంలో రాయించండి. ధర తగ్గితే కిరాయి తగ్గాలనీ రాయించండి, ఈ ముక్క అన్ని ఒప్పందాల్లో ఉండదు. "కార్బన్ ఛార్జీ" అని ఇంకో వరస కనిపిస్తే ఏ నిబంధన కింద వేశారో అడగండి. యూరప్ కార్బన్ రుసుము అక్కడి రేవులు తాకే ప్రయాణాలకే. ఓడ వదిలే కార్బన్‌ను బట్టి ఇచ్చే సీఐఐ రేటింగు 5,000 జీటీ (ఓడ పరిమాణపు కొలత), ఆపై ఓడలకే, అదీ రేటింగే తప్ప రుసుము కాదు.

ఇక నూనె నాణ్యత. ట్యాంకు అడుగున 3 శాతం గంధకం ఉన్న పాత నూనె 5 టన్నులు మిగిలి, దాని మీద 0.45 శాతంది 100 టన్నులు పోస్తే మిశ్రమం 0.57 శాతానికి చేరుతుంది. కొన్నది మంచి నూనే అయినా తనిఖీలో ఓడను ఆపేయవచ్చు. రెండు వేర్వేరు సరఫరాల లో సల్ఫర్ నూనెలు కలిసినా ఒక్కోసారి పొసగవు: తారులాంటి మడ్డి విడిపోయి నూనె శుద్ధి చేసే ప్యూరిఫయర్, ఫిల్టర్లు మూసుకుపోతాయి, నడి సముద్రంలో ఇంజను ఆగుతుంది. కలిపే ముందు రెండు నూనెలూ పొసగుతాయో లేదో చూసే స్పాట్ టెస్టు చేస్తారా అని ఓడవాళ్లను అడగడంలో మొహమాటం అక్కర్లేదు. బంకర్ డెలివరీ నోటు (నూనె పోసినవాళ్లు ఇచ్చే రసీదు) కాపీ కూడా తీసుకోండి, గంధకం శాతం అందులోనే ఉంటుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో వాన పడితే హోల్డు (ఓడలో సరుకు పెట్టే గది) మూతలు వేసేస్తారు, బస్తా కదలదు. జనరేటర్ మాత్రం ఆగదు. ఆ రోజులు ఎవరి ఖాతాలో పడతాయో ముందే తేల్చుకోండి. నూనె మార్చడానికో, ఫిల్టర్లు శుభ్రం చేయడానికో ఓడే లోడింగు ఆపితే ఆ గంటలు మీ డెమరేజ్ (గడువు దాటి ఓడను ఆపినందుకు కట్టే రుసుము) లెక్కలోకి రాకూడదని విడిగా ఒక వాక్యం పెట్టించండి.